ఎండలు మండే చోట పుట్టుమచ్చ ఎప్పుడు తీయించుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బుగ్గ మీద ఉబ్బెత్తుగా ఒకటి, నడుము దగ్గర బెల్టు ఒరుసుకునే చోట ఒకటి, వీపు మీద చదునుగా ఒకటి, మొత్తం మూడు పుట్టుమచ్చలు తీయించుకోవాలనుకుంటున్నారు. మీరుండేది ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ మండే ప్రాంతం. ఇప్పుడు తీయిస్తే గాయం మానదని, చీము పడుతుందని, ఆ చోట నల్లగా మిగిలిపోతుందని తెలిసినవాళ్ళు భయపెడుతున్నారు. చల్లబడే దాకా ఆగాలా, ఇప్పుడే తీయించుకోవచ్చా?

ముందు సూటిగా జవాబు చెబుతాను. అందం కోసమో సౌకర్యం కోసమో తీయించుకునే పుట్టుమచ్చ అయితే చల్లని కాలం మొదట్లో తీయించుకోవడం మేలు. చివర్లో కాదు, మొదట్లో. ఎందుకో కింద వివరిస్తాను. కానీ ఆ పుట్టుమచ్చ ఈ మధ్య మారుతూ ఉంటే కాలంతో పని లేదు. ఈ వారమే చూపించుకోండి, తీయాలని చెబితే నడి వేసవిలోనైనా తీయించుకోండి. ఇక భయపెడుతున్నవాళ్ళ మాట: వేసవిలో తీసినా గాయం మానుతుంది. జాగ్రత్తలు రెట్టింపు అవుతాయి, అంతే.

చర్మవైద్యంలో, అందులోనూ ఇలాంటి చిన్న శస్త్రచికిత్సల్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కాలం గురించి అడిగేవాళ్ళలో ఎక్కువమంది అసలు అడగవలసిన మొదటి ప్రశ్నను దాటేసి వస్తారు: ఇది తీయవలసిన పుట్టుమచ్చా, పరీక్షించవలసిన పుట్టుమచ్చా? అక్కడి నుంచే మొదలుపెడదాం.

పెద్దవాళ్ళ ఒంటి మీద పది నుంచి నలభై దాకా పుట్టుమచ్చలు ఉండడం మామూలు. వాటిలో దాదాపు అన్నీ హాని లేనివే. అనుమానించవలసిన వాటిని గుర్తించడానికి న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు 1985లో నాలుగు గుర్తులు చెప్పారు, 2004లో అయిదోది చేర్చారు. మధ్యలో గీత గీసినట్టు ఊహించుకుంటే రెండు సగాలు ఒకదానికొకటి పోలకపోవడం. అంచు వంకరటింకరగా ఉండడం. ఒకే మచ్చలో గోధుమ, నలుపు, ఎరుపు, బూడిద రంగులు కలగలిసి కనిపించడం. అడ్డంగా 6 మిల్లీమీటర్లు దాటడం. కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆకారం, రంగు, పరిమాణం మారడం. నా దృష్టిలో ఈ అయిదోదే అన్నిటికంటే విలువైన గుర్తు. దానికి తోడు దురద, దెబ్బ తగలకుండానే రక్తం కారడం, మానని పుండు ఉంటే ఇక ఆలోచించనక్కర్లేదు. ఒంటి మీది మిగతా పుట్టుమచ్చలన్నీ ఒక తీరులో ఉండి ఒక్కటే వేరేగా కనిపించినా చూపించుకోవలసిందే.

చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవాళ్ళకు ఇంకో మాట. మీలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదు, నిజమే. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింద. ఒక పెద్దాయన మడమ మీది నల్లమచ్చ గురించి వచ్చారు. అది పెద్దదవుతోందని ఇంట్లో అందరికీ తెలుసు. కాలికి గాయం చేస్తే ఎండల్లో మానదేమోనని, చల్లబడ్డాక చూద్దామని వాయిదా వేస్తూ వచ్చారు. వేరే పని మీద వచ్చి మాటవరసకు చూపించారు. ఆ వారమే కోసి పరీక్షకు పంపాం. మెలనోమా అని తేలింది. అదృష్టం బాగుండి లోతు ఒక మిల్లీమీటరు లోపే ఉంది. ఆ వ్యాధిలో ప్రాణం నిలిచేదీ లేనిదీ ఎక్కువగా ఆ లోతు మీదే ఆధారపడి ఉంటుంది. ఇంకో నాలుగు నెలలు ఆగి ఉంటే అది ఎంత లోతుకు దిగేదో ఎవరు చెప్పగలరు? అందుకే ఈ విషయం దగ్గర గొంతు పెంచి చెబుతాను.

మీ మూడింటినీ డెర్మాస్కోప్ అనే భూతద్దం లాంటి పరికరంతో ఒకసారి చూపించుకోండి. నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల పని. ఒక చిన్న సూచన: బాగా ఎండలో తిరిగి చర్మం కమిలిన వెంటనే వెళ్ళకండి. ఎండ తగిలిన కొద్ది రోజుల పాటు మామూలు పుట్టుమచ్చలు కూడా ఆ పరికరంలో తేడాగా కనిపించవచ్చు. అయితే అనుమానం ఉన్నదానికి ఈ సాకుతో కూడా ఆగవద్దు.

అవి మూడూ హాని లేనివే అని తేలిందనుకుందాం. ఇప్పుడు కాలం సంగతి.

ఎండాకాలం అనగానే మనం వేడిని, ఎండలోని కిరణాలను ఒకే గాటన కట్టేస్తాం. గాయం విషయంలో ఇవి రెండు వేర్వేరు ఇబ్బందులు. వేడి వల్ల చెమట, చెమట వల్ల తడి, తడి వల్ల కట్టు ఊడిపోవడం, సూక్ష్మజీవులు పెరగడం. ఇది మొదటి రెండు మూడు వారాల సమస్య. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల వల్ల మానిన చోట చర్మం నల్లబడుతుంది. ఇది గాయం మూసుకున్నాక మొదలై నెలల తరబడి సాగే సమస్య. చల్లని కాలంలో మొదటిది నిజంగానే తగ్గుతుంది. రెండోది మాత్రం మనం అనుకున్నంతగా తగ్గదు. వేడి ప్రాంతాల్లో ఉండేవాళ్ళు పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే.

కారణం చూడండి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా ఆకాశంలో బాగా ఎత్తులోనే ఉంటాడు. అక్కడ ఒంటికి హాయిగా అనిపించే నెలల్లో కూడా మధ్యాహ్నం యూవీ సూచిక 6, 7 దాటుతూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో ఆ సూచిక 3కు చేరితేనే చర్మానికి రక్షణ కావాలి. 8 నుంచి చాలా తీవ్రం, 11 నుంచి అత్యంత తీవ్రం. పలచని మబ్బు ఉన్నా ఈ కిరణాల్లో 80 శాతం దాకా కిందికి దిగగలవు. వేడి తప్పించుకోవడానికి కొండ ప్రాంతానికి వెళ్ళి కోలుకుందామని కొందరు ఆలోచిస్తారు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ ఈ కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. అంటే చల్లని గాలిలో మరింత కాలిపోతాం, తెలియకుండానే. అందుకే ఉష్ణోగ్రత చూసి నిర్ణయించుకోకండి. వాతావరణం చూపే ఫోను యాప్‌లలో యూవీ సూచిక కూడా ఉంటుంది, దాన్ని చూడడం అలవాటు చేసుకోండి.

నల్లబడడం అన్నది ముదురు రంగు చర్మానికి ఉన్న సహజ స్వభావం. ఎక్కడ గాయమైనా, మంట పుట్టినా ఆ చోట రంగు కణాలు అతిగా స్పందిస్తాయి. ఎండ దాన్ని ఎగదోస్తుంది. ఇలా వచ్చిన నలుపు పై పొరలోనే ఉంటే కొన్ని నెలల నుంచి ఏడాది లోపు చాలా వరకు పలచబడుతుంది; లోపలి పొరకు దిగితే ఏళ్ళు పట్టవచ్చు. పుట్టుమచ్చ పోయి దాని చోట అంతకంటే పెద్ద నల్లమచ్చ వచ్చిందని బాధపడుతూ వచ్చేవాళ్ళను చూసినప్పుడల్లా, దాదాపు ప్రతిసారీ తేలేది ఒకటే: పక్కు ఊడగానే అంతా అయిపోయిందనుకుని ఎండలోకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ‘చల్లని కాలం మొదట్లో’ అని ఎందుకన్నానో చూద్దాం. గీరి తీసిన గాయం ముఖం మీద వారం నుంచి రెండు వారాల్లో మూసుకుంటుంది. దాని మీది ఎరుపు తగ్గడానికి రెండు మూడు నెలలు పడుతుంది. లోపల కొత్త కణజాలం సర్దుకోవడం ఏడాది దాకా సాగుతుంది. ఈ మొత్తంలో మొదటి మూడు నెలలే అత్యంత సున్నితమైనవి. చల్లని కాలం మొదట్లో తీస్తే ఆ మూడు నెలలూ తక్కువ చెమటలో, ఎంతో కొంత తక్కువ ఎండలో గడిచిపోతాయి. చివర్లో తీస్తే ఇంకా ఎర్రగా, లేతగా ఉన్న చర్మం నేరుగా ఏడాదిలోకెల్లా తీవ్రమైన ఎండకు ఎదురెళుతుంది. ఆ లెక్కన వేసవి ముదిరాక తీయించుకుని, గాయం మానే సమయానికి ఎండలు తగ్గే ఏర్పాటు చేసుకోవడం కొందరికి ఇంకా నయం.

దీనికంటే ముఖ్యమైనది మీ సొంత క్యాలెండరు. భూముల కొలతలు తీసే ఉద్యోగి ఒకాయన చెంప మీది పుట్టుమచ్చ కోసం వచ్చారు. చల్లని కాలం దాకా ఆగుతానని ఆయనే అన్నారు. పని గురించి అడిగితే తెలిసింది, ఆయనకు చల్లని నెలలంటే తెల్లవారిన దగ్గర నుంచి చీకటి పడే దాకా ఆరుబయటే పని. ఎండలు ముదిరితే ఆఫీసు గదిలో కాగితాల పని. ఆయనకు వేసవిలోనే తీశాను, చక్కగా మానింది. ఈత నేర్పేవాళ్ళు, క్రీడాకారులు, వేడి పొయ్యిల దగ్గర పనిచేసేవాళ్ళు, రోజంతా హెల్మెట్టు పెట్టుకునేవాళ్ళు, వీళ్ళందరికీ పంచాంగంలోని కాలం కంటే పనిలో దొరికే విరామమే అసలైన కాలం. మీరు కూడా వచ్చే మూడు నెలల్లో ఎప్పుడు ఎక్కడ ఉంటారో ఒక కాగితం మీద రాసుకుని చూడండి. పెళ్ళి, ఫోటోలు, దూర ప్రయాణం ఉంటే వాటికి కనీసం మూడు నెలలు ముందు తీయించుకోండి, లేదా అవి అయ్యాక. పెళ్ళికి రెండు వారాల ముందు వచ్చేవాళ్ళకు నేను వద్దనే చెబుతాను.

వేడిగా, ఉక్కగా ఉండే వానల నెలలను జనం తక్కువ అంచనా వేస్తారు. ఎండ లేదు కదా అనుకుంటారు. పొడి వేడిలో చెమట వెంటనే ఆరిపోతుంది, ఉక్కలో ఆరదు. కట్టు కింద చర్మం నానిపోయి తెల్లగా, మెత్తగా తయారవుతుంది, చుట్టూ చెమటకాయలు లేస్తాయి, నడుము, చంకలు, రొమ్ముల కింద, తొడల మధ్య అయితే తామర కూడా చేరుతుంది. నా అనుభవంలో మడతల్లోని, బట్ట ఒరుసుకునే చోట్లలోని పుట్టుమచ్చలకు నడి వేసవి కంటే ఉక్క నెలలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. చాలా ఆసుపత్రుల సమాచారాన్ని కలిపి చూసిన అధ్యయనాల్లో శస్త్రచికిత్స గాయాలకు ఇన్ఫెక్షన్లు వేడి నెలల్లో కొంత పెరుగుతున్నట్టు కనిపించింది. అయితే పుట్టుమచ్చ తీసిన చిన్న, శుభ్రమైన గాయంలో ఆ ప్రమాదం ఏ కాలంలోనైనా తక్కువే. మధుమేహం అదుపులో లేనివాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు మాత్రం ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

వేడిలో తీయించుకోక తప్పకపోతే కట్టు విషయంలో చాలా శ్రద్ధ పెట్టాలి. గాయాన్ని గాలికి వదిలేసి ఎండబెట్టాలని పాత నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగాలతో, కప్పి ఉంచిన తేమ గాయం పక్కు కట్టిన గాయం కంటే త్వరగా మానుతుందని తేలింది. కాబట్టి పలచగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గుడ్డ వేసి కప్పడం సరైన పద్ధతి. 1996లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో, ఇలాంటి చిన్న శస్త్రచికిత్స గాయాలకు యాంటీబయాటిక్ లేపనం కంటే మామూలు పెట్రోలియం జెల్లీ ఏమీ తీసిపోలేదు, పైగా అలర్జీ భయం లేదు. ఇక్కడ వేడి ప్రాంతపు చిక్కు ఒకటి ఉంది. తేమ వేరు, నానిపోవడం వేరు. చల్లని దేశాల్లో రెండు మూడు రోజులు ఉంచే గాలి చొరని కట్టును చెమట పట్టే ఒంటి మీద అలాగే ఉంచితే చర్మం ఉబ్బిపోతుంది. నేను నా దగ్గరికి వచ్చేవాళ్ళకు వేడి నెలల్లో రోజుకు ఒకసారి బదులు రెండుసార్లు కట్టు మార్చమంటాను, చెమటతో తడిసిన ప్రతిసారీ వెంటనే మార్చమంటాను. జెల్లీ మెరిసేంత పలచగా చాలు. చుట్టూ చర్మాన్ని మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరాకే అతుకు వేయండి, లేకపోతే గంటలో ఊడుతుంది. డాక్టరు వేరేగా చెప్పకపోతే ఒకటి రెండు రోజుల తర్వాత నుంచి స్నానం చేయవచ్చు. గాయం మీద మామూలు సబ్బు నీళ్ళు పారితే మంచిదే. తొట్టిలో, చెరువులో, ఈతకొలనులో నానడం మాత్రం పూర్తిగా మానే దాకా కుదరదు. పక్కును గిల్లవద్దు. నొప్పి, ఎరుపు తగ్గుతూ పోవాలి. మూడో రోజు తర్వాత పెరుగుతుంటే, చీము కనిపిస్తే, జ్వరం వస్తే ఆగకుండా చూపించుకోండి.

పచ్చి గాయం మీద సన్‌స్క్రీన్ రాయకూడదు. మూసుకునే దాకా కట్టు, టోపీ, గొడుగు, బట్ట ఇవే రక్షణ. మూసుకున్నాక కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు రోజూ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువది, యూవీ కిరణాల్లోనే చర్మం లోతుకు దిగే రకమైన యూవీఏ నుంచి కూడా కాపాడేది రాయండి. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కాల్చే కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. కాబట్టి పెద్ద సంఖ్య కోసం వెతకడం కంటే చెమటకు కరిగిపోకముందే ప్రతి రెండు గంటలకూ మళ్ళీ రాయడం ముఖ్యం. ముదురు చర్మం ఉన్నవాళ్ళకు రంగు కలిపిన సన్‌స్క్రీన్ ఇంకా మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే కాంతిని కూడా కొంత అడ్డుకుంటుంది. ఆ కాంతి కూడా మన చర్మాన్ని నల్లబరుస్తుంది. కిటికీ పక్క కూర్చునేవాళ్ళు, కారు నడిపేవాళ్ళు అద్దం ఉంది కదా అనుకోకండి, యూవీఏలో చాలా భాగం మామూలు అద్దం దాటి వస్తుంది.

తీసే పద్ధతిని బట్టి కూడా కాలం ప్రభావం మారుతుంది. ఉబ్బెత్తు మచ్చను చర్మం మట్టానికి గీరి తీస్తే కుట్లు ఉండవు, కానీ పైపొర తెరుచుకుంటుంది కాబట్టి నల్లబడే అవకాశం ఎక్కువ. లోతుగా కోసి కుట్లు వేస్తే సన్నని గీత మిగులుతుంది. కుట్లు ముఖం మీద 5 నుంచి 7 రోజులకు, వీపు, కాళ్ళ మీద రెండు వారాల దాకా ఉంచి విప్పుతారు. లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతులు చూడడానికి సులువుగా ఉంటాయి గానీ, ఎండకు నల్లబడి ఉన్న చర్మం మీద వాటితో మచ్చలు మిగిలే భయం ఎక్కువ. ఆ నలుపు దిగాకే చేయించుకోండి. పైగా లేజర్‌తో కాల్చేస్తే ప్రయోగశాలకు పంపడానికి ముక్కే మిగలదు. రంగు ఉన్న చదును మచ్చలను నేను లేజర్‌తో ఎప్పుడూ తీయను.

ఎండలు తగ్గే దాకా ఆగలేక కొందరు ఇంట్లోనే క్రీములతో ప్రయత్నిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పైపెదవి మీది చిన్న పుట్టుమచ్చకు ఆన్‌లైన్‌లో కొన్న క్రీము రాసుకుని, గుంట పడి, చుట్టూ నల్లబడ్డాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఆ గుంటను సరిచేయడానికి పట్టిన కాలంతో పోలిస్తే మచ్చను మామూలుగా తీయడం చాలా చిన్న పని. పుట్టుమచ్చలు తీసేందుకు వైద్యుల చీటీ లేకుండా అమ్మే ఏ మందునూ తాను ఆమోదించలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది. 2022లో అలాంటివి అమ్ముతున్న సంస్థలకు హెచ్చరిక లేఖలు కూడా పంపింది.

ఇక మీ మూడింటి గురించి నేనైతే ఇలా చేస్తాను. వీపు మీది చదునుదాన్ని ముందుగా పరీక్షించి, ఏ కొంచెం అనుమానం ఉన్నా వెంటనే పూర్తిగా కోసి తీస్తాను. అనుమానం లేకపోతే దాన్ని తీయకపోవడమే మంచిదని చెబుతాను. వీపు చర్మం ఎప్పుడూ లాగుతూ ఉంటుంది, అక్కడి గాయపు మచ్చలు ఏ కాలంలో చేసినా వెడల్పవుతాయి. రెండు వారాల నాటికి గాయానికి మామూలు చర్మపు బలంలో పదో వంతు కూడా రాదు. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ కీలాయిడ్లు, అంటే గాయం దాటి ఉబ్బి పెరిగే మచ్చలు ఉంటే ఛాతీ, భుజాలు, దవడ దగ్గర అందం కోసం అసలు చేయించుకోవద్దు. నడుము దగ్గరిది ఉక్క తగ్గాక తీయించుకోండి. ఆ రెండు మూడు వారాలు బెల్టు మానేసి వదులు బట్టలు వేసుకోండి. రోజూ ఒరుసుకుని రక్తం వస్తుంటే మాత్రం ఆగవద్దు, ఎందుకు కారుతోందో ముందు చూడాలి. బుగ్గ మీదిదాన్ని చల్లని కాలం మొదట్లో, బయట తిరిగే పనులు తక్కువగా ఉన్న వారం చూసుకుని తీయించుకోండి. అప్పటి దాకా రోజూ సన్‌స్క్రీన్ రాసుకుంటూ ఉండండి. చర్మం కమలకుండా వస్తే మా పని కూడా సులువవుతుంది.

తీసినదాన్ని ప్రయోగశాలకు పంపమని ముందే అడగండి, ఎంత మామూలుగా కనిపించినా సరే. ఆ రిపోర్టును, తీయకముందు తీసుకున్న ఫోటోను జాగ్రత్తగా దాచుకోండి. గీరి తీసిన పుట్టుమచ్చల్లో కొన్నిటికి కొన్ని నెలల్లో గాయపు మచ్చ లోపల మళ్ళీ రంగు తేలుతుంది. అలా తిరిగి వచ్చినది సూక్ష్మదర్శిని కింద మెలనోమాలా కనిపించి వైద్యులను కూడా తికమక పెట్టగలదు. పాత రిపోర్టు చేతిలో ఉంటే ఆ తికమక తీరడం తేలిక. మీ డాక్టరు చూశాక ఏ పద్ధతి సూచించారో ఇక్కడ రాయండి, ఆ గాయానికి తగ్గట్టు కట్టు సంగతి వివరంగా చెబుతాను.